నఫ్రీ: ఒక హవల్దారు కేసు

గుంటూరు బ్రాడీపేటలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరకు వచ్చిన ఒక మాజీ సైనికుడి కేసు ఇది. ఆయననూ, ఆయన పనిచేసిన యూనిట్‌నూ, అక్కడి అధికారినీ గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను. ఆయన ఈ రాతను మొదటి నుంచి చివరి దాకా చదివి, రెండు చోట్ల సరిదిద్ది, సాటి వృత్తివారితో పంచుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మొదటి రెండు నెలలు నేను ఆయన గాయాన్ని తప్పుగా చదివాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎలా వచ్చారు

ఆయన వయసు 51. పల్నాడు వైపు రైతు కుటుంబం. సైన్యంలో 17 ఏళ్లు చేసి, హవల్దారుగా ఉండగానే ముందస్తుగా పదవీ విరమణ తీసుకున్నారు. వీధిలో అందరికీ ఆయన ‘మిలిటరీ ఆయన’. ఐదేళ్లుగా గుంటూరు శివారులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. సీజన్‌లో యార్డు నుంచి లారీలు బారులు తీరినప్పుడు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, ఏ ఛాంబరులోకి ఎన్ని వెళ్లాయి, ఆ పూట ముఠాలో హమాలీలు ఎంతమంది అన్న లెక్కలు రాయడం ఆయన పని. ఒక్క టిక్కీ తేడా రాదని యజమానికి ఆయనంటే గురి.

ఒక వేసవి సాయంత్రం ఛాంబరులో పేర్చిన టిక్కీల వరస జారి ఇద్దరు హమాలీల మీద పడింది. ఒకరికి కాలు విరిగింది, మరొకరికి నడుము దెబ్బతింది. వాళ్లను ఆటోలో ఆసుపత్రికి పంపించాక, బయట ఇంకా మూడు లారీలు ఆగి ఉండటంతో మేనేజరు వచ్చి లెక్కల పుస్తకం మీద వేలు పెట్టి, “ఆ రెండు పేర్లు కొట్టేసి వేరే ఇద్దరిని రాసుకోండి, లోడు ఆగకూడదు” అన్నాడు. అతను కావాలని కటువుగా అన్నాడని నేను అనుకోను; సీజన్‌లో రోజూ వినపడే మాటే అది. హవల్దారు గారు మాత్రం పెన్ను కింద పెట్టి దాదాపు గంటసేపు ఉన్నచోటనే నిలబడిపోయారు. ఎవరు పిలిచినా పలకలేదు. ఆ రాత్రి ఇంటి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన తెల్లవార్లూ కూర్చున్నారు. మర్నాటి నుంచి పనికి వెళ్లలేదు.

మూడు వారాల తరువాత ఆయన భార్య నా దగ్గరకు తీసుకువచ్చారు. ఆవిడ చెప్పిన మొదటి సంగతి నేను నోట్సులో ఒక మూల రాసుకుని మరిచిపోయాను. “నిద్రలో హిందీలో లెక్కపెడతారమ్మా. ఆరు దాకా వచ్చి ఆగిపోతారు. మళ్లీ ఒకటి నుంచి మొదలు” అన్నారు ఆవిడ. కేసు మొత్తం ఆ మాటలోనే ఉంది.

మొదటి అంచనా

పీడకలలు, ఉలిక్కిపడటం, చలి తగిలితే గుండెదడ, కోల్డ్ స్టోరేజీ పేరు ఎత్తితే చెమటలు, రాత్రిపూట క్వార్టరు మందు. ఘోర సంఘటన తరువాత మిగిలే మానసిక లక్షణాలను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో 80కి 59 వచ్చింది. 31 నుంచి 33 దాటితేనే మనం జాగ్రత్తపడతాం. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడిగితే, “చేసుకోను, కానీ పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది” అన్నారు. మానసిక వైద్యులైన సహోద్యోగి సెర్ట్రలీన్ అనే కుంగుబాటు మాత్ర మొదలుపెట్టారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఆయన భార్య ఫోనులో ఎక్కించి, మద్యం సీసాలు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో లేకుండా చూడమని చెప్పాం.

కారణం అడిగితే ఆయన దాచలేదు. ఇరవై ఏళ్ల కిందట ఉత్తర సరిహద్దులో, మంచు కొండల మీది ఒక పోస్టులో ఉన్నప్పుడు ఎనిమిది మందితో సామాను మోసుకుంటూ వెళ్తున్న దళం మీద మంచు చరియ విరిగిపడింది. ఇద్దరు చనిపోయారు. వెనక వస్తున్న రెండో దళంతో వెళ్లి తవ్వినవారిలో ఈయనా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 చెప్పే మూడు లక్షణాల గుంపులూ, అంటే సంఘటన మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు ఉండటం, దాన్ని గుర్తుచేసే వాటికి దూరంగా తిరగడం, ఇప్పటికీ ముప్పు పొంచి ఉన్నట్టు అనిపించడం, స్పష్టంగా ఉన్నాయి. పీటీఎస్‌డీ, అంటే ఘోర సంఘటన తరువాత వదలకుండా మిగిలే ఒత్తిడి రుగ్మత అని రాశాను. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ మొదలుపెట్టాను. సంఘటనను వర్తమానంలో జరుగుతున్నట్టు కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ చెప్పించి, భయం దానంతట అదే కరిగేదాకా దానితో ఉండనివ్వడం ఈ పద్ధతి. భయం మీద అది బలమైన పద్ధతే.

ఆరు సెషన్లలో భయం నిజంగానే తగ్గింది. మంచు చరియ గురించి చెప్పేటప్పుడు మొదట 100కి 80 అన్న ఆందోళన 30కి దిగింది. నేను సంతోషించాను. అదే సమయంలో ఆయన నిద్ర రెండు గంటలకు పడిపోయింది, తాగుడు రెట్టింపయింది. ఆయన చెప్పే తీరు కూడా విచారణలో వాంగ్మూలం ఇస్తున్నట్టు ఉండేది. సమయం, దిక్కు, దూరం, ఎవరు ముందు, ఎవరు వెనక, అన్నీ తడబాటు లేకుండా వచ్చేవి. అంత తడబాటు లేకపోవడమే నన్ను హెచ్చరించి ఉండవలసింది.

ఏడో సెషన్‌లో కళ్లు మూసుకోమంటే మూసుకోలేదు. “మేడం, మీరు ఎప్పుడూ మంచు గురించే అడుగుతున్నారు. మంచుకు నా మీద ఏం కోపం?” అన్నారు.

పెన్సిలు రాత

ఆయన గాయం చరియ విరిగిన మధ్యాహ్నానిది కాదు, అంతకు ముందు రాత్రిది. ఆ రాత్రి సంగతి చెప్పించడానికి మూడు సెషన్లు పట్టింది.

పోస్టులో ఉన్న అధికారికి కుర్రాళ్ల పేర్లు పట్టేవి కావు, ‘నఫ్రీ’ పట్టేది. సైన్యంలో నఫ్రీ అంటే తలల లెక్క. పొద్దున నఫ్రీ ఎంత, సాయంత్రం నఫ్రీ ఎంత. తలనొప్పి, ఆయాసం, నురగతో దగ్గు వస్తున్న ఒక కుర్రాణ్ణి, ఎత్తు ప్రదేశాల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్న లక్షణాలని తెలిసినా, ‘కామ్‌చోర్’ (పనిదొంగ) అని ఒక రోజంతా కిందికి పంపలేదు. అలాంటి రోగికి ఆక్సిజన్ పెట్టి వెంటనే కిందికి దించడమే అసలు వైద్యం. ఆ దారిన వెళ్తున్న మరో యూనిట్ అధికారి చూసి పట్టుబట్టి దింపించాడు కాబట్టి ఆ కుర్రాడు బతికాడు. బుఖారీకి (గది వెచ్చబెట్టే పొయ్యికి) కిరోసిన్ చాలడం లేదని జవాన్లు చెప్పుకున్న వారంలోనే, ఆ గాలిలో నడవడమే కష్టమైన చోట, వీపున మూట కట్టించి ‘పిట్టూ’ పరుగు శిక్ష వేశాడు. ఇవన్నీ విని నేను మొదటి రాతప్రతిలో అతణ్ణి పిరికివాడని రాశాను. హవల్దారు గారు ఆ మాట కొట్టేశారు. “పిరికివాడు కాడు మేడం. ఆ వాలు మీద తనూ రెండుసార్లు దాటాడు. తన ప్రాణం కూడా అతనికి లెక్కలోదే. అందుకే మా ప్రాణం అంత సులువుగా ఖర్చుపెట్టేవాడు.” ఆయన సరిదిద్దిన మొదటి చోటు ఇదే.

మంచు రెండు రోజులుగా ఆగకుండా కురిసింది. చరియలు విరిగే ప్రమాదం ఉందని హెచ్చరిక వచ్చింది. ఎండ తగిలి మంచు వదులయ్యాక, మధ్యాహ్నం పూట ఆ వాలు దాటకూడదని పోస్టులో అందరికీ తెలుసు. దాటాలంటే తెల్లవారకముందే, మంచు బిగుసుకుని ఉన్నప్పుడే దాటాలి. మర్నాడు పై అధికారి తనిఖీకి వస్తున్నాడు. సామాను పై పోస్టుకు చేరినట్టు లెక్క చూపించాలి, కింద నుంచి సామాను వచ్చేది పదకొండు గంటలకు. ఒక్క రోజు ఆగుదామని హవల్దారు గారు అన్నారు. అధికారి తల ఎత్తకుండానే, “ఆద్మీ ఔర్ మిల్ జాయేంగే, రాస్తా బంద్ హో గయా తో నహీ ఖులేగా” అన్నాడు. మనుషులు ఇంకా దొరుకుతారు, దారి మూసుకుపోతే మళ్లీ తెరుచుకోదు అని. ఎనిమిది పేర్లు రాసి తెమ్మన్నాడు.

ఆ పేర్లు రాసింది ఈయన. పెన్నులో సిరా గడ్డకట్టింది. టార్చిలైటు పళ్లతో కరుచుకుని, పెన్సిలుతో, సిగరెట్ డబ్బా వెనక రాశారు. ఏడో పేరు దగ్గర ఆగారు. వరస ప్రకారం వెళ్లవలసిన వాడికి నెల కిందటే కూతురు పుట్టింది, ఫోటో ఇంకా చేతికి రాలేదు. ఆ పేరు చెరిపి, పెళ్లి కాని ఒక ఒడియా కుర్రాడి పేరు రాశారు. చెరిపిన చోట అట్ట నూగు లేచిందని ఇప్పటికీ వేలితో తడిమి చూపిస్తారు, ఎదురుగా ఏమీ లేకపోయినా.

అధికారి ఆ అట్టముక్కను అందుకుని పేర్లు చదవలేదు. వేలు పెట్టి పైనుంచి కిందికి లెక్కపెట్టాడు. “ఆఠ్. ఠీక్ హై.”

ఒడియా కుర్రాడు చనిపోయిన ఇద్దరిలో ఒకడు. విచారణలో దళం తనకు చెప్పిన దారి తప్పి వెళ్లినట్టు రాసుకున్నారు. సాక్షిగా ఈయన సంతకం కూడా ఆ కాగితం మీద ఉంది.

నా తప్పు ఏమిటి

భయం వేరు, ద్రోహం వేరు. ప్రాణం పోతుందన్న భయానికి నేను వైద్యం చేస్తున్నాను. ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది తన ప్రాణం గురించిన చింత కానే కాదు. వియత్నాం యుద్ధ సైనికులతో ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మనోవైద్యుడు జొనాథన్ షే 1994లో ‘నైతిక గాయం’ అన్న ఆలోచనను ముందుకు తెచ్చాడు. న్యాయమైనదని అందరూ నమ్మేదాన్ని, ప్రాణాలు పణంగా ఉన్న వేళ, అధికారంలో ఉన్నవాడే కాలరాయడం దానికి మూలమని అతని వివరణ. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు దీనికి రెండో ముఖాన్ని చేర్చారు. మన విలువలకు విరుద్ధమైన పనిని మనమే చేయడం, ఆపలేకపోవడం, చూస్తూ ఉండిపోవడం కూడా అలాంటి గాయమే చేస్తాయన్నారు. హవల్దారు గారిలో రెండు ముఖాలూ ఉన్నాయి. పైనుంచి ద్రోహం జరిగింది. కానీ ఆ ద్రోహం కిందికి దిగింది ఆయన పెన్సిలు మీదుగా.

క్రూరుడైన అధికారి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి, చనిపోయినవాణ్ణి చూస్తాం. వాళ్లిద్దరి మధ్య ఒక మనిషి ఉంటాడు. మనుషులను లెక్కగా చూసే అధికారి తన చేత్తో ఎవరి పేరూ రాయడు. రాసేవాడికి మాత్రం ప్రతి పేరూ తెలుసు, ఎవరి తల్లికి కంటి ఆపరేషన్ అయిందో, ఎవరికి సంబంధం కుదిరిందో తెలుసు.

ఈ గాయం ఇంత లోతుగా దిగడానికి సైన్యం ఇచ్చిన మాట కూడా ఒక కారణం. 1932లో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ ప్రారంభంలో అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యాధిపతి ఛెట్‌వుడ్ చెప్పిన మాట ప్రకారం దేశం ముందు, ఆ తరువాత నీ కింద ఉన్న జవాన్ల గౌరవం, సంక్షేమం, అన్నిటికంటే చివర నీ సుఖం, నీ క్షేమం. ఆ మాట నిలబెట్టుకున్న అధికారుల కింద హవల్దారు గారు చాలా ఏళ్లు పనిచేశారు. మొదటి కంపెనీ కమాండర్ జవాన్లందరూ తిన్నాకే తినేవాడని చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలుగుతుంది. మంచి అధికారులను చూసి ఉండకపోతే ఈ ఒక్కడు ఇంతగా విరిచేవాడు కాదని నా అభిప్రాయం.

ఎందుకు ఎదురు చెప్పలేదని ఆయన తనను తాను అడుగుతూనే ఉన్నారు. దానికి చట్టం తెరిచి కూర్చున్నాం. 1950 నాటి సైనిక చట్టంలో సెక్షన్ 41 ఆజ్ఞను ధిక్కరించడాన్ని శిక్షిస్తుంది. అయితే అది చట్టబద్ధమైన ఆజ్ఞ అయి ఉండాలి. సెక్షన్ 47 కిందివాణ్ణి హింసించిన అధికారికి ఏడేళ్ల దాకా శిక్ష చెబుతుంది. సెక్షన్ 26 ప్రకారం, ఫిర్యాదు అందుకోవలసినవాడే అన్యాయం చేసినవాడైతే అతని పైవాడికి చెప్పుకోవచ్చు. దారి కాగితం మీద ఉంది. ఆ కొండ మీద మాత్రం పైవాడితో మాట్లాడే రేడియో సెట్టు అదే అధికారి గుడారంలో ఉంది, సమయం ఒక్క రాత్రి. ఈ లెక్కను పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఆయనకు ఓదార్పు మాటలకంటే ఎక్కువ పనికొచ్చింది.

వైకల్య పింఛను ప్రస్తావన కూడా తెచ్చాను. చేరినప్పుడు లేని జబ్బు సర్వీసులో వస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే మొదట భావించాలని సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో చెప్పింది. ఆయన వద్దన్నారు. ఇద్దరు పోయిన సంఘటన మీద తనకు డబ్బు రావడం ఇష్టం లేదన్నారు. నేను మళ్లీ ఎత్తలేదు.

చికిత్స మార్పు

ఎక్స్‌పోజర్ ఆపి, లిట్జ్ బృందం సైనికుల కోసం రూపొందించిన పద్ధతిని మన మనిషికి తగ్గట్టు మార్చుకున్నాను. అందులో ముఖ్యమైనవి రెండు. బాధ్యతను నిజాయితీగా పంచి చూడటం మొదటిది. పోయినవారితో ఊహలో మాట్లాడటం రెండోది.

బాధ్యత పంచడానికి నేను గుండ్రని బొమ్మ గీస్తే ఆయనకు ఎక్కలేదు. “టిక్కీల్లో చెప్పండి” అన్నారు. సరే, ఆ రెండు చావుల బరువు మొత్తం 40 టిక్కీలు అనుకున్నాం. మొదటిసారి 36 తన మీద వేసుకున్నారు, నాలుగు మంచు మీద వేశారు. అధికారికి ఒక్కటి కూడా లేదు. ఎందుకంటే, “అతను అంతే కదా” అన్నారు. క్రూరత్వానికి అలవాటు పడినప్పుడు అది వాతావరణంలా అనిపిస్తుంది, వాతావరణాన్ని ఎవరూ బాధ్యుణ్ణి చేయరు. నాలుగు వారాల్లో టిక్కీలు చేతులు మారాయి. తనిఖీ కోసం లెక్కలు అడిగిన పైవాడు, హెచ్చరిక చదివి పక్కన పెట్టిన అధికారి, తప్పు రాసిన విచారణ, ఒక్కొక్కరి మీదికి వెళ్లాయి. చివరికి తన దగ్గర ఐదు మిగిలాయి. అవి కూడా దించే ప్రయత్నం చేయబోతే ఆపారు. “ఐదు నావే మేడం. దించకండి.” అది సరైన లెక్క అని నాకూ అనిపించింది. వాటిని కూడా తీసేసి ఉంటే మనిషిని అబద్ధంతో ఇంటికి పంపినట్టయ్యేది.

ఒకరోజు ఆయనే ఘటోత్కచుణ్ణి తెచ్చారు. కర్ణుడి శక్తి అర్జునుడి మీదికి రాకుండా ఘటోత్కచుణ్ణి ముందుకు పంపి, అతను కూలినప్పుడు కృష్ణుడు ఆనందించాడు కదా, మరి అది లెక్క కాదా అని. నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాతి సెషన్‌లో ఆయనే చెప్పారు: “అక్కడ ధర్మరాజు ఏడ్చాడు మేడం. పాండవులంతా ఏడ్చారు. మా దగ్గర ఏడవడానికి కూడా ఆర్డరు లేదు.” ఈ వాక్యం నా నోట్సులో రెండుసార్లు గీత గీసి ఉంది.

నేను ఆయనకు మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 నాటి ఫ్రెంచి సైన్యం సంగతి చెప్పాను. నలభై ఎనిమిది గంటల్లో శత్రు శ్రేణిని ఛేదిస్తానని నివెల్ అనే సేనాని ఏప్రిల్‌లో దాడికి దింపితే లక్షకు పైగా సైనికులు చనిపోయారు లేదా గాయపడ్డారు. ఆ తరువాత చాలా డివిజన్లలో సైనికులు తిరగబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది కందకాలు వదిలి పారిపోలేదు. కాపలా కాస్తాం, పనికిరాని దాడికి మాత్రం వెళ్లం అన్నారు. నివెల్ స్థానంలో వచ్చిన పెటాన్ కొందరిని కఠినంగా శిక్షించినా, తిండి, సెలవులు మెరుగుపరిచి, అలాంటి దాడులు ఆపాడు. హవల్దారు గారు చాలాసేపు ఊరుకుని, “అంటే వద్దనడం కూడా డ్యూటీలో భాగమే అన్నమాట” అన్నారు.

ఖాళీ కుర్చీతో మాట్లాడించడం కష్టమైంది. అధికారిని ఊహించుకోమంటే ఒక్క మాట రాలేదు, లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. ఇది నేను ఊహించని ప్రతిస్పందన, తరువాత ఆ ప్రయత్నం మానేశాను. ఒడియా కుర్రాణ్ణి కూర్చోబెట్టినప్పుడు హిందీలో మాట్లాడారు. క్షమాపణ చెప్పారు, సిగరెట్ డబ్బా గురించి చెప్పారు. వాడు ఏమంటాడు అని అడిగాను. నాలుగైదు నిమిషాలు గడిచాయి. కింద నుంచి పండ్ల బండివాడి అరుపు వినపడుతోంది. ఆయన ఉన్నట్టుండి నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. “ఉస్తాద్, ఆఖరిసారి కూడా నా పేరు తప్పే రాశావు అంటాడు” అన్నారు. ఆ కుర్రాడి పేరు పలకడం, రాయడం ఎవరికీ సరిగా వచ్చేది కాదట. ఆ విషయం మీద వాడు అందరినీ ఆటపట్టించేవాడట. ఇరవై ఏళ్లలో ఆ కుర్రాణ్ణి మంచు కింద కాకుండా మరోచోట చూడటం ఆయనకు అదే మొదటిసారి.

ఆ కార్తీక మాసంలో ఆయన కారంపూడి వెళ్లారు. నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల ఆరాధన అమావాస్య నుంచి ఐదు రోజులు జరుగుతుంది. పోయిన వీరులకు గుర్తుగా ఊరూరి నుంచి కొణతాలు (వీరుల ఆయుధాలు) తెస్తారు. ఆ ఐదు రోజుల్లో మందపోరు అనే రోజున బ్రహ్మనాయుడి చాపకూడు తలుచుకుంటూ అన్ని కులాలవారూ ఒకే పంక్తిలో భోజనం చేస్తారు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన ఉత్సవం అది. ఇది నేను సూచించింది కాదు. సరిదిద్దిన రెండో చోటు ఇక్కడిదే; ‘చికిత్సలో భాగంగా వెళ్లారు’ అని రాస్తే, ‘మొక్కు ఉంది, వెళ్లాను’ అని మార్పించారు. చాపకూడు దగ్గర పక్కన రెండు విస్తళ్లు వేయించుకున్నానని మాత్రం చెప్పారు.

ఇప్పటి స్థితి

పదకొండు నెలల తరువాత పీసీఎల్-5 స్కోరు 24. నిద్ర ఐదు గంటలు. తాగుడు పూర్తిగా మానలేదు. పండగలకు, పెళ్లిళ్లకు తాగి, మర్నాడు వచ్చి తనే ఒప్పుకుంటారు. నిద్రలో లెక్క ఇంకా ఉందని ఆవిడ అంటున్నారు, రోజూ కాదు. నఫ్రీ అన్న మాట నా నోట వస్తే ఇప్పటికీ దవడ బిగుస్తుంది.

కోల్డ్ స్టోరేజీ పనిలో మళ్లీ చేరారు, రెండు షరతుల మీద. టిక్కీలు ఎంత ఎత్తు పేర్చాలో గోడ మీద ఎర్ర రంగుతో గీత గీయించారు. హమాలీల పుస్తకంలో సంఖ్యతో పాటు ప్రతి ఒక్కరి పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు తనే రాస్తారు. దానికి పూటకు పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతోందని మేనేజరు గొణుగుతున్నాడట.

ఒడియా కుర్రాడి తల్లికి హిందీలో ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నారు. ఇంకా పోస్టు చేయలేదు. ఊరవతల ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కూలీల దగ్గరకు రెండు ఆదివారాలుగా వెళ్తున్నారు, కవరు మీద ఆ పేరు వాళ్ల లిపిలో తప్పు లేకుండా ఎలా రాయాలో నేర్చుకోవడానికి.